నొక్కేది ఒకరు, పని ఇంకొకరిది

సోమవారం అర్జీల రోజు. కర్నూలు కలెక్టరేటు చుట్టుపక్కల ఏ నెట్ సెంటరు చూసినా ఒకటే తీరు. కంప్యూటరు ముందు ఇరవై ఏళ్ళు దాటిన కుర్రాడు. అతని వెనక కుర్చీ వీపు పట్టుకుని, ముందుకు వంగి, యాభై దాటిన రైతు. రైతు చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు. తెర మీద ఇద్దరి చూపూ ఉంటుంది. చదివేది మాత్రం ఒకరే.

"ఓటీపీ వచ్చింటాది, జెప్పు పెద్దాయనా."

"యా నంబరుకు నాయనా?"

"కడాన నలభై ఏడు."

"అది మా పిల్లోనిది. వాడు బెంగళూరులో డ్యూటీకి పోయింటాడు ఇప్పుడు."

ఫోను కలిపి, ఆ పిల్లోడు ఎత్తి, అంకెలు చదివి, ఇక్కడ కొట్టేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. మళ్ళీ పంపు. మళ్ళీ ఫోను. ఒక్క పనికి ముగ్గురు మనుషులు. పని రైతుది, వేళ్ళు కుర్రాడివి, ఫోను నంబరు కొడుకుది. ఆ పోర్టల్‌ను తయారుచేసినవాళ్ళ ఊహలో ఉన్నది మాత్రం ఒక్క మనిషే. సొంత ఫోను చేతిలో పట్టుకుని, చదువుకుంటూ, తన పని తాను చేసుకునే మనిషి.

వాడేవాళ్ళ అవసరం చూసి వస్తువును రూపొందించాలన్న మాట కొత్తదేమీ కాదు. అమెరికాలో డాన్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1988లోనే రోజువారీ వస్తువుల రూపకల్పన మీద ఒక పుస్తకం రాశాడు. తలుపు తోయాలో లాగాలో తెలియక మనిషి తికమకపడితే తప్పు మనిషిది కాదు, తలుపుదేనని అందులో వాదించాడు. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళకు ఆ వాదన ఇప్పటికీ పాఠ్యాంశం. బ్రిటన్ ప్రభుత్వం 2012లో తన వందల సైట్లను ఒకే చోటికి తెస్తూ రాసుకున్న సూత్రాల్లో మొట్టమొదటిది కూడా ఇదే: శాఖ సౌకర్యంతో కాదు, జనం అవసరంతో మొదలుపెట్టాలని. మంచి మాటలే. కాకపోతే ఆ పుస్తకాల్లోనూ ఆ సూత్రాల్లోనూ తెర ముందు కూర్చున్నవాడే అవసరమున్నవాడు. రాయలసీమలో ఆ ఇద్దరూ వేరు. ఈ ఒక్క సంగతి మరిచి ఎంత అందమైన సైటు కట్టినా అది సగం పనే.

దళారి కాదు, దుబాసీ

కంప్యూటరు పాలనలో మన చరిత్ర చిన్నదేమీ కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చింది 1998లో. 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ, 2015లో భూమి రికార్డులకు మీభూమి, 2019 అక్టోబరు 2 నుంచి ఊరూరా సచివాలయం, అందులో డిజిటల్ అసిస్టెంటు, 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర. పావు శతాబ్దంలో కౌంటరు మారింది, బోర్డు మారింది, ముఖ్యమంత్రి ఫొటో మారింది. మధ్యలో మనిషి మాత్రం పోలేదు.

పోవాలని కోరుకోవడమే పొరపాటని నాకు అనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగింది. ఆడవాళ్ళలో అది 50 శాతం దగ్గరే. పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు పోతే ఇంకా తక్కువ. అక్కడ ఏటా సుగ్గికని, అంటే వలస కూలికని, ఇళ్ళకు తాళాలేసి గుంటూరు మిరపచేలకూ తెలంగాణ పత్తిచేలకూ పోయే కుటుంబాలు వేలల్లో ఉంటాయి. తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లల బడి కూడా అంతే సంగతి. అలాంటి ఇంటికి 'ఇంట్లోంచే అన్ని సేవలు' అనే ప్రకటన ఎవరి కోసం?

కచేరీకీ కాపుకూ మధ్య ఈ ఎడం పాతదే. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చేసరికి కచేరీలో నడిచే భాష వేరు, పొలంలో మాట్లాడే భాష వేరు. అర్జీల నిండా పారసీ, హిందుస్తానీ మాటలు. తెలుగు నిఘంటువు ఒక్కటి చాలదని, ఆ మిశ్రమ భాషకే విడిగా ఇంకో నిఘంటువు చేసి 1854లో మద్రాసులో అచ్చు వేయించాడు. వాడేవాడి భాష తెలియకుండా వాడికి సేవ చేయలేమని కుంపిణీ కొలువులోని ఒక దొరకు తట్టిన సంగతి, అదే కడప జిల్లాలో, ఇన్నేళ్ళ తర్వాత ఒక డ్రాప్‌డౌన్ జాబితా రాసేవాడికి తట్టకపోవడం విడ్డూరం.

ఎలా తట్టలేదో చెప్తాను. ఇంగ్లీషులో 'కడప' స్పెల్లింగు 2005లో మారింది. 2010లో జిల్లా పేరు వైఎస్సార్ జిల్లా అయింది. 2025లో వైఎస్సార్ కడప అయింది. ఈలోగా ఒక్కో శాఖ ఒక్కో కాలంలో తన సైటు కట్టుకుంది. అందువల్ల ఒకచోట కడప 'సీ' అక్షరం కింద, ఇంకోచోట 'కే' కింద, మరోచోట జాబితా అట్టడుగున 'వై' కింద ఉంటుంది. తెలుగులో చూపించే జాబితాలు కూడా కొన్ని ఇంగ్లీషు అక్షర క్రమంలోనే ఉంటాయి. అంటే తెలుగు మాత్రమే వచ్చిన మనిషికి ఆ వరసలో వరసే కనిపించదు. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. డోన్ మనిషి, బనగానపల్లె మనిషి తనది కర్నూలు జిల్లా అనే చెప్తాడు. పాసుపుస్తకం మీద కూడా అదే ఉంటుంది. తెర మీద నంద్యాల కింద వెతకాలి. నెట్ సెంటరు కుర్రాడికి ఇవన్నీ నోటికి వచ్చు. రైతు అతనికి ఇచ్చే ఇరవై ముప్పై రూపాయల్లో కొంత టైపింగుకు, ఎక్కువ భాగం ఈ తెలివికి.

దాన్ని దళారీతనం అనను, దుబాసీ పని అంటాను. దళారి సమాచారాన్ని దాచి సంపాదిస్తాడు. ఇతను సైటు దాచిన సమాచారాన్ని చూపించి సంపాదిస్తున్నాడు.

ఒక్క వన్‌-బీ కోసం

పంట లోను రెన్యువల్‌కు బ్యాంకు వన్‌-బీ, అడంగల్ అనే భూమి పత్రాలు అడుగుతుంది. మీభూమిలో వాటిని చూసుకోవచ్చు. మంచి సదుపాయమే, అందులో రెండో మాట లేదు. ఒకప్పుడు అదే కాగితానికి కరణం ఇంటి చుట్టూ, తర్వాత వీఆర్వో చుట్టూ తిరిగిన తరం ఇంకా బతికే ఉంది. ఇప్పుడు జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని, సర్వే నంబరో, ఖాతా నంబరో, ఆధార్ నంబరో, పట్టాదారు పేరో కొట్టి, వంకరటింకర అక్షరాల క్యాప్చా దిద్ది ముందుకు పోవాలి.

ఇక్కడే ఆగి చూడాలి. రైతుకు తన చేను ఎలా తెలుసు? 'వంక పక్క నాలుగెకరాలు', 'గుడి కాడి మడి', 'మా తాతది, పెద్దమాను చేను'. ఆ తర్వాత సర్వే నంబరు తెలుసు. అది మాత్రం గట్టిగా తెలుసు, సబ్‌డివిజన్‌తో సహా. రాతకోతలు రాని ముసలవ్వ కూడా రెండొందల పద్నాలుగులో రెండో 'ఏ' మాది అంటుంది. ఖాతా నంబరు పాసుపుస్తకం చూసి చెప్తాడు. పేరుతో వెతకడం మాత్రం పెద్ద తంటా. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగానా, తండ్రి చనిపోయి మ్యుటేషన్ కాకపోతే ఎవరి పేరున వెతకాలి, పేరు చివర 'డు'నా 'లు'నా.

సర్వే నంబరు అంత గట్టిగా తెలుసు కదా, మరి రీసర్వేలో ఏం చేశారు? 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం నంబర్లు వచ్చాయి. ల్యాండ్ పార్సెల్ మ్యాప్ అన్నమాట. కొలత సంగతి సర్వేయర్లకు వదిలేద్దాం. వాడేవాడి వైపు నుంచి చూస్తే, మూడు తరాలుగా నోట నానిన అంకె ఒక్క రోజులో చెల్లకుండా పోయింది. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు హక్కుదార్లను కలిపి ఒకే నంబరు కింద పెట్టిన జాయింట్ ఎల్పీఎంలు వచ్చి అన్నదమ్ముల మధ్య, పక్కచేనువాళ్ళ మధ్య పంచాయతీ పెట్టాయి. ఆ దిద్దుబాట్లకు అర్జీలు ఇంకా నడుస్తున్నాయి. పాత నంబరు కొడితే కొత్త నంబరు, కొత్తది కొడితే పాతది పక్కపక్కన చూపించే ఒక్క పెట్టె ప్రతి భూమి తెర మీదా ఉండి తీరాలి. సాఫ్ట్‌వేరు వాళ్ళకు అది పెద్ద పనేం కాదు. ఆ మాట అడిగినవాడు రూపకల్పన రోజున ఆ గదిలో లేడు.

మీ-సేవలో ఇంకో తమాషా. అక్కడి సేవలు 'ఏ' కేటగిరీ, 'బి' కేటగిరీ అని రెండు. అప్పటికప్పుడు ఇచ్చేది 'ఏ'. విచారణ చేసి ఇచ్చేది 'బి'. ఇది ఆఫీసు లోపలి లెక్క. కౌంటరు ముందు నిలబడ్డవాడికి కావలసింది ఒకటే: ఈరోజు చేతికొస్తుందా, ఇంకో రోజు కూలి పోగొట్టుకుని రావాలా? ఆదోని నుంచో పత్తికొండ నుంచో బస్సెక్కి వచ్చిన మనిషికి ఈ ప్రశ్న తర్వాతే మిగతావన్నీ. తెర మీద అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్దగా ఉండాల్సిన మాట ఇది. ఏమేం కాగితాలు తేవాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఇప్పుడు ఎవరి బల్ల మీద ఆగింది. ఈ మూడూ చెప్పగలిగితే మిగతా రంగులు, బొమ్మలు, మంత్రిగారి సందేశం ఉన్నా లేకపోయినా ఎవరికీ నష్టం లేదు.

ఒత్తు తెగిన బటన్

తెలుగు లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లోనే. అయినా చాలా ఏళ్ళు మన ఆఫీసుల్లో, ప్రెస్సుల్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పని నడిచింది. అందుకే పాత ఉత్తర్వుల పీడీఎఫ్‌లో ఒక మాట కాపీ చేస్తే చెత్త అక్షరాలు వస్తాయి. వెతికితే దొరకదు. 2011, 2012 ప్రాంతంలో ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా విడుదల చేయించాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి అని కవుల పేర్లు కూడా పెట్టారు. ఫాంట్ల కరువు ఆ రోజుతో చాలావరకు తీరింది.

తీరనిది చూపు. ఇంగ్లీషు అక్షరానికి కొలిచి గీసిన బటన్‌లో తెలుగు కూర్చోబెడితే కింద ఒత్తు తెగుతుంది, పైన గుడి తెగుతుంది. 'దరఖాస్తు' అన్నచోట 'దరఖాసు' కనిపిస్తుంది. కుర్రాడు అలవాటు మీద నొక్కేస్తాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి అక్కడే ఆగిపోతాడు. ఇది మన ఊరి కంపెనీల అజాగ్రత్త మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంలోకి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ కంపెనీ హడావిడిగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఎనిమిది కోట్ల మంది భాషను సరిగ్గా పరీక్షించి చూడకుండానే ఆ సాఫ్ట్‌వేరు బయటికి వచ్చిందన్నమాట.

పైగా ఇక్కడ తెలుగు ఒక్కటే కాదు. కడప పాతబస్తీలో, కర్నూలులో, ఆదోనిలో ఉర్దూ ఇంటిభాష అయిన కుటుంబాలు ఎన్నో. 2022లో చట్టం చేసి ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. హొళగుంద, కోసిగి వైపు కన్నడం ఇంటిభాష అయిన ఊళ్ళున్నాయి. చట్టంలోకి వచ్చినంత తొందరగా భాష తెర మీదికి రాదు.

అసలు చదవనక్కరలేకుండా చేయలేమా అని బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఇంద్రాణి మేధి అనే పరిశోధకురాలు ఏళ్ళ కొద్దీ పనిచేశారు. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళకు పని వెతికిపెట్టే అక్షరాలు లేని తెరలు తయారుచేశారు. ఆమెకు తేలిన సంగతులు మన డిజైనర్లు గోడకు అంటించుకోదగ్గవి. నున్నటి గుర్తులకంటే, ఫొటోలకంటే చేత్తో గీసిన బొమ్మలు బాగా అర్థమయ్యాయి. అంట్లు తోమడం చూపించాలంటే గిన్నెల బొమ్మ చాలదు, కుళాయిలోంచి నీళ్ళు పడుతున్నట్టు కదలిక ఉండాలి. అన్నిటికీ మించి, ఈ యంత్రం నాకెందుకు, ఇందులో నా పేరు పెడితే అవతల ఎవరు చూస్తారు, నాకేం ఒరుగుతుంది అన్నది మొదట ఒక చిన్న వీడియో కథగా చూపిస్తే తప్ప వాళ్ళు ముట్టుకోలేదు. మన పోర్టళ్ళు ఈ చివరి ప్రశ్నకు జవాబివ్వాలనే అనుకోవు. ప్రభుత్వం పెట్టింది కాబట్టి వాడతారు అనుకుంటాయి.

వేలు పడ్లేదు

బేతంచెర్ల నాపరాయి పాలిష్ కార్ఖానాల్లో, ఎర్రగుంట్ల చుట్టూ గనుల్లో పనిచేసేవాళ్ళ వేళ్ళు ఒకసారి దగ్గరగా చూడండి. రాయి, నీళ్ళు, పొడి కలిసి వేలికొసలు అద్దంలా నున్నబడి ఉంటాయి. గీతలు వెతుక్కోవాలి. పత్తి తీసే ఆడవాళ్ళకు కాయ డొప్పల చివర్లు గుచ్చుకుని గుచ్చుకుని చర్మం పగిలి ఉంటుంది. 2015 నుంచి రేషన్ షాపులో ఈ-పాస్ యంత్రం అడుగుతున్నది ఈ వేళ్ళనే.

వేలు పెట్టినప్పుడు సరిపోకపోతే ఆధార్ వ్యవస్థ ఒక అంకె తిప్పి పంపుతుంది. 300 వస్తే వేలిముద్ర కలవలేదని. 330 వస్తే ఆ మనిషి బయోమెట్రిక్‌కు తాళం వేసి ఉందని. 811 వస్తే అసలు కేంద్ర నిల్వలో ఆ మనిషి బయోమెట్రిక్ వివరమే లేదని. ఈ మూడింటికీ చేయాల్సిన పనులు మూడు. మొదటిదానికి వేలు తుడిచి, ఇంకో వేలు పెట్టి చూడాలి, లేదా కంటిపాపతో ప్రయత్నించాలి. రెండోదానికి తాళం తీయించాలి. మూడోదానికి ఆధార్ కేంద్రానికి పోయి నమోదు సరిచేయించుకోవాలి. కార్డుదారుకు చేరేసరికి మూడూ కలిసి ఒకటే మాట అవుతాయి: "నీ వేలు పడ్లేదు, రేపు రా పోమ్మా." రేపు వచ్చినా 811 అదే 811. తెర మీద ఒక్క తెలుగు వాక్యం, 'మీ ఆధార్ కేంద్రానికి వెళ్ళాలి, మళ్ళీ ఇక్కడికి రావడం వల్ల లాభం లేదు' అని వచ్చి, యంత్రం గట్టిగా చదివి వినిపిస్తే ఎన్ని రోజుల కూలి మిగులుతుందో. డీలరు మీద అనుమానమూ తగ్గుతుంది. తప్పు వేలిది, అంటే తనది అనుకుని తలదించుకునే ముసలివాళ్ళకు ఆ మాత్రం మర్యాద మిగులుతుంది.

కంటిపాప, ముఖ గుర్తింపు లాంటి పక్కదారులు ఇప్పుడు పెరిగాయి. పీఎం కిసాన్ యాప్‌లో 2023 నుంచి ముఖం చూపించి కేవైసీ చేసుకోవచ్చు. ముఖానికీ ఇబ్బంది ఉన్నవాళ్ళుంటారు. యాసిడ్ దాడికి గురైనవాళ్ళు, చూపు లేనివాళ్ళు కెమెరా ముందు కళ్ళు ఆర్పలేక బ్యాంకు ఖాతా తెరవలేకపోయారన్న కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇరవై ఆదేశాలిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కేంద్రం సొంత సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే రాసుకుంది, 2023లో వాటి మూడో కూర్పు తెచ్చింది. కాగితం మీద మనకు లోటు ఎప్పుడూ లేదు.

జాబితాలో ఉల్లి

తెర మీద ఒక గడి తప్పితే ఏమవుతుందో 2025 సెప్టెంబరులో కర్నూలు ఉల్లి రైతును అడగాలి. ధర పడిపోయి, యార్డులో గడ్డలు కుళ్ళుతుంటే ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామంది. తర్వాత కర్నూలు, కడప జిల్లాల ఉల్లి రైతులకు హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. ఇలాంటి సాయం ఏది వచ్చినా మొదట తెరిచేది ఈ-క్రాప్ జాబితానే. ఏ సర్వే నంబరులో, ఎన్ని సెంట్లలో, ఏ పంట, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది వ్యవసాయ సహాయకుడు చేలోకి వచ్చి, ఫొటో తీసి ఎక్కిస్తాడు. రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ చేస్తాడు. పంటల బీమా, నష్టపరిహారం, మద్దతు ధరకు అమ్మకం అన్నీ ఆ ఒక్క వరస మీదే నిలబడి ఉంటాయి.

ఉల్లి చేను కంది చేను లాంటిది కాదు. ఒకే సర్వే నంబరులో ఎకరా ఉల్లి, అర ఎకరా మిరప, గట్టు పొడవునా నాలుగు సాళ్ళ కంది ఉంటాయి. కౌలుకు చేసేవాడు వేరు, పట్టా ఉన్నవాడు వేరు. కౌలు కాగితం ఇవ్వడానికి పట్టాదారుకు భయం. ఇవన్నీ ఒక సహాయకుడు ఎండలో చేను గట్టు మీద నిలబడి, సిగ్నలు అందక ఫోను పైకెత్తుకుంటూ నింపాలి. అతను కూడా ఆ యాప్‌కు వాడుకరే. చిన్న పెట్టెలు, పొడవాటి జాబితాలు, ఎండలో కనిపించని లేత బూడిద రంగు అక్షరాలు. ఏసీ గదిలో పెద్ద తెర మీద బాగున్న రంగు చేలో మాయమవుతుంది.

అతని ఫోనులో చేరినది రైతుకు ఎలా తెలియాలి? తన పేరుతో ఏ పంట, ఎంత విస్తీర్ణం ఎక్కిందో రైతు సరిచూసుకునేది చాలాసార్లు నష్టం జరిగాకే. అందుకే ఈ కథనంలో నేను పట్టుబట్టి అడిగేది ఒకటుంది. ప్రతి ఫారం చివర, సమర్పించే ముందు, ఫోనును రైతు వైపు తిప్పి చూపించే ఒక పేజీ ఉండాలి. అందులో పెట్టెలు, జాబితాలు ఏవీ ఉండకూడదు. నాలుగే వాక్యాలు, బొటనవేలంత అక్షరాల్లో. ఫలానా ఊరు, ఫలానా చేను, ఉల్లి, ఒకటిన్నర ఎకరం, సాగు చేసేది మీరు. పక్కన చెవి బొమ్మ. నొక్కితే గట్టిగా చదువుతుంది. రైతు ఔననాలి, కాదంటే వెనక్కి పోవాలి. ఔనన్న తర్వాత అదే నాలుగు వాక్యాలు చిన్న చీటీ మీదో, ఫోటోగానో అతని చేతికి రావాలి. మీ-సేవలో, సచివాలయంలో, నెట్ సెంటరులో కూడా ఇదే పేజీ. ఒకరి కోసం ఇంకొకరు నొక్కే చోట అడగాల్సిన కనీస న్యాయం ఇది. నొక్కేవాడికీ ఇది రక్ష. తర్వాత "నువ్వే తప్పు ఎక్కించినావు" అని రైతు మీదికి రాలేడు.

ఎరిగిన దారి

మన మిత్ర గురించి పెదవి విరిచేవాళ్ళున్నారు గానీ ఒక సంగతిలో ఆ ఆలోచన సరైనదే. జనాన్ని కొత్త యాప్‌కు రమ్మనకుండా జనం ఇప్పటికే ఉన్న చోటికి ప్రభుత్వం వెళ్ళింది. చదువు అంతంతమాత్రమైనా మనవరాలి ఫొటో చూడ్డానికి, గొంతు సందేశం పంపడానికి వాట్సాప్ తెరవని ఇల్లు సీమలో ఇప్పుడు అరుదు. 95523 00009 నంబరుకు హాయ్ అని పెడితే పని మొదలవుతుంది. తొలి విడతలో 161 సేవలు పెట్టారు. 2025 ఫిబ్రవరిలోనే ఇంటర్ పిల్లలు హాల్‌టికెట్లు అందులోంచి దించుకున్నారు. కాలేజీలో ఫీజు బకాయి పేరు చెప్పి హాల్‌టికెట్టు ఆపడం చూసిన ఊళ్ళకు అది చిన్న విషయం కాదు.

లోపలికి వెళ్తే మళ్ళీ పాత వాసనే. దేవాదాయం, ఇంధనం, రెవెన్యూ, పురపాలకం అని శాఖల వారీ మెట్లు. రైతు బాధ శాఖ పేరుతో రాదు. 'మోటారుకు కరెంటు రాలేదు', 'మా నాయన చనిపోయినాడు, చేను నా పేరున ఎక్కాల' అని వస్తుంది. ఆ రెండో బాధకు మరణ ధ్రువపత్రం ఒక శాఖలో, కుటుంబ సభ్యుల పత్రం, మ్యుటేషన్ ఇంకో శాఖలో, పింఛను ఆపడం, బ్యాంకు నామినీ వేరేచోట ఉంటాయి. చనిపోయింది ఒక్కరే, చెప్పాల్సింది ఐదు సార్లు. వాట్సాప్‌లో ఆ కొడుకు అన్న మాటను గొంతుతోనే విని, వరసగా ఏమేం చేయాలో చెప్పే రోజు వస్తే అప్పుడు దాన్ని మిత్ర అని మనస్ఫూర్తిగా పిలవొచ్చు. గొంతు అర్థం చేసుకునే యంత్రానికి ముందు కర్నూలు యాస నేర్పాలి. 'యాల', 'యాడ', 'ఎట్ల జేయాల' అంటే అమరావతి తెలుగు మాత్రమే విన్న యంత్రం దిక్కులు చూస్తుంది.

ఐదుగురు చాలు

సైటు బాగుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదని జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000 సంవత్సరంలో లెక్క వేసి చెప్పాడు. ఐదుగురిని కూర్చోబెట్టి, పని చెప్పి, నోరు మూసుకుని చూస్తే ఎనభై ఐదు శాతం దాకా లోపాలు బయటపడతాయని. ఆ లెక్క మీద తర్వాత వాదనలు నడిచాయి, నడవనీ. సున్నా మందితో పరీక్షించి విడుదల చేసేచోట ఐదుగురంటే పెద్ద సంఖ్యే.

మన జిల్లాలకు ఆ ఐదుగురు ఎవరు కావాలో నన్ను అడిగితే: బేతంచెర్ల పాలిష్ కార్ఖానా కూలీ, సుగ్గి నుంచి తిరిగొచ్చిన కోసిగి ఆడమనిషి, మైదుకూరు వైపు ఉల్లి వేసే కౌలు రైతు, ఉర్దూ మాత్రమే చదవగలిగిన కడప చిన్న వ్యాపారి, ఐదోవాడు తప్పనిసరిగా నెట్ సెంటరు కుర్రాడు. మొదటి నలుగురినీ అతని వెనక నిలబెట్టాలి. ఒంటరిగా తెర ముందు కూర్చోబెడితే అది పరీక్షే కాదు, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడూ అలా కూర్చోరు. సైటు కట్టిన ఇంజనీరు గదిలో మూలన కూర్చోవాలి. "అక్కడ కాదు, పైన నొక్కండి" అని ఒక్క మాట కూడా అనకూడదు. ఇంజనీరుకు అన్నిటికన్నా కష్టమైన షరతు అదే.

ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. కర్నూలు నల్లరేగళ్ళలో శనగ విత్తనం పడేది అక్టోబరు, నవంబరుల్లో. ఆ వెంటనే రబీ ఈ-క్రాప్ నమోదు మొదలవుతుంది. సహాయకుల మీద గడువు ఒత్తిడి పడ్డాక ఎవరూ ఏ తెరా మార్చరు, మార్చినా అయోమయమే పెరుగుతుంది. సెప్టెంబరులో, ఉల్లి తవ్వకాల మధ్య ఒక రోజు చూసుకుని, ఏదో ఒక రైతు సేవా కేంద్రంలో, ఎండ పడే వరండాలో, ఖరీదు తక్కువ ఫోను మీద ఈ పరీక్ష పెడితే దొరికిన తప్పులు దిద్దుకోవడానికి నెల రోజులు మిగులుతాయి. ఐదుగురికీ ఆ రోజు కూలి ఇవ్వాలి.